క్యాన్సర్ లేదన్న కాగితంలోనే మరో జబ్బు జాడ

మహారాష్ట్రలోని భివండి మరమగ్గాల పట్టణంలో పద్మనగర్ తెలుగువారి పేట. సిరిసిల్ల, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే బతుకుతున్నాయి. గాలి ఆడని ఇరుకు గదులు క్షయకు అనువైన చోట్లు. క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు మాత్రమేనన్న భావన జనంలో బలంగా ఉంది. అది గర్భాశయానికీ సోకుతుంది. మన దేశంలో సంతానలేమి కారణాల్లో అదొకటి. నింద మాత్రం కోడలిపైనే పడుతుంది.

ఈ జబ్బు జాడ ఒక్కోసారి వెతకని చోట దొరుకుతుంది. పాప్ స్మియర్ పరీక్ష ఉద్దేశం క్యాన్సర్ ముందస్తు మార్పులను పట్టుకోవడం. గర్భాశయ ముఖద్వారం నుంచి చిన్న పుల్లతో కణాలు తీసి, గాజు పలకపై పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. 2001 నాటి బెథెస్డా విధానం ప్రకారం ‘క్యాన్సర్ లక్షణాలు లేవు’ అన్న మాటతో పాటు, కనిపించిన సూక్ష్మజీవుల పేర్లనూ నివేదికలో రాయాలి. ట్రైకోమొనాస్, క్యాండిడా తరచుగా కనిపించేవి. కాపర్-టి ఉన్న స్త్రీలలో ఆక్టినోమైసిస్ కనిపించవచ్చు. బాధ ఏదీ లేకపోతే కంగారుపడి కాపర్-టి తీయించుకోనక్కరలేదు. క్షయను అనుమానించదగిన కణాలు అరుదు. బోదకాలు పురుగు పిల్లలు కనిపించడం మరీ అరుదు. అయినా అటువంటి ఉదంతాలు మన దేశంలోనే నమోదయ్యాయి. కరీంనగర్, నల్గొండ ప్రాంతాలకు బోదకాలు కొత్త కాదు గనుక ఆ ఊళ్ల ఆడపడుచుల విషయంలో ఈ మాట తేలికగా తీసుకోదగినది కాదు.

అయితే స్మియర్ ఇచ్చేది అనుమానం మాత్రమే. క్షయ అని తేల్చడానికి ముక్క పరీక్ష, క్రిమి పరీక్ష కావాలి. స్మియర్‌లో ఏమీ కనబడనంత మాత్రాన జబ్బు లేదనీ కాదు.

ప్రభుత్వం 2016లో 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి వెనిగర్ వంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్షను సూచించింది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి జరిపిన అధ్యయనంలో ఈ పద్ధతి వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. చవకైన, మంచి పద్ధతే. కానీ అందులో గాజు పలక లేదు. కాబట్టి సూక్ష్మజీవి కనబడే అవకాశమూ లేదు. తెల్లబట్ట, కడుపులో నొప్పి, నెలసరి తేడాలు ఉన్న స్త్రీ ఆ పరీక్షతోనే నిశ్చింతగా ఉండిపోరాదు. అసలు ఆ పరీక్షయినా ఎందరికి అందింది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ల స్త్రీలలో రెండు శాతం మంది కూడా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకోలేదు.

చేయించుకున్నవారికైనా నివేదిక చేతికొచ్చేది ఇంగ్లీషులో. ‘క్యాన్సర్ లేదు’ అన్న ఒక్క మాట విని కాగితాన్ని పెట్టెలో దాచేయడం మామూలే. ఆ కింది పంక్తులనూ డాక్టరుతో చదివించుకోవాలి. బతుకమ్మకు ఊరికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటే ఇక్కడి డాక్టరుకూ చూపవచ్చు. క్షయ అని తేలితే మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. నిక్షయ్ నంబరు ఉంటే భివండిలో మొదలైన చికిత్సను సొంత ఊరి ప్రభుత్వ ఆస్పత్రికి మార్పించుకోవచ్చు. పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని 2024 నవంబరులో నెలకు 500 రూపాయల నుంచి 1000కి పెంచారు.