మాత్ర ఎక్కడ పెడుతున్నారు?

హైదరాబాదు కేంద్రంగా నడిచే హెటిరో, అరబిందో వంటి కంపెనీల హెచ్‌ఐవీ మాత్రలు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులకు ఏళ్లుగా వెళ్తున్నాయి. సముద్రాలు దాటించడం మనకు చేతనైన పనే. నాగాయలంకలో పంటెక్కి ఎదురుమొండి వెళ్లే మనిషి ఆ మాత్రను రోజూ, ఏళ్ల తరబడి వేసుకునేలా చూడటం దగ్గరికొచ్చేసరికే మన తెలివి తెల్లారుతోంది.

2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు సుమారు 3.21 లక్షల మంది. మహారాష్ట్ర తర్వాత మనమే. 2004 ఏప్రిల్‌లో ఉచిత హెచ్‌ఐవీ మందుల చికిత్స (ఏఆర్‌టీ) మొదలైన తొలి రాష్ట్రాల్లోనూ మనం ఉన్నాం. 2017 నుంచి రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాల లెక్క ఎంతుందని చూడకుండా, పరీక్షలో తేలినవారందరికీ మందు ఇవ్వాలన్నారు. పాత మాత్రతో చాలామందికి తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. డొలుటెగ్రవిర్ కలిసిన ఇప్పటి మాత్రతో ఆ బాధ బాగా తగ్గింది. అదీ రోజుకొక్కటే. ఇంత తేలికైనా మధ్యలో ఆపేస్తారేమిటి, బాధ్యత లేదా అని విసుక్కునేవాళ్లు మన ఊళ్లలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ ఉన్నారు.

మనలో బీపీ మాత్ర ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకునేవాళ్లు ఎందరు? దీర్ఘకాలిక జబ్బులకు మందు సరిగ్గా వాడేవారు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. పైగా బీపీ మాత్రల అట్టను టీవీ పక్కన పడేసుకోవచ్చు. హెచ్‌ఐవీ మాత్రల డబ్బాను అలా పెట్టలేం.

అందుకే కౌన్సెలింగ్ గదిలో అడగాల్సిన మొదటి ప్రశ్న 'మందు వేసుకుంటున్నావా?' కాదని నా అభిప్రాయం. దానికి జవాబు ఎప్పుడూ ఒకటే: 'వేసుకుంటున్నానండీ.' తిడతారని తెలిసినచోట ఎవరు నిజం చెబుతారు? 'మాత్రలు ఎక్కడ పెడుతున్నారమ్మా?' అని అడిగి చూడండి. కథంతా బయటికొస్తుంది.

గుడివాడలో రెండు గదుల ఇంట్లో అత్తమామలతో ఉండే కోడలికి ఆ డబ్బా చప్పుడే శత్రువు. ముప్పై మాత్రల ప్లాస్టిక్ డబ్బా కదిపితే గలగలమంటుంది. ఖాళీ జాగాలో కాస్త దూది కుక్కమని చెప్పడం కూడా కౌన్సెలింగే. పొద్దున ఇంట్లో అందరూ లేస్తారంటే, రాత్రి పడుకునే వేళకు మార్చుకోవచ్చు. రోజూ ఒకే వేళకు పడటం ముఖ్యం, అది పొద్దునే కానక్కర్లేదు. గర్భిణి అయితే ఆసుపత్రిలోనే ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. పరగడుపున వాటిని దీంతో కలిపి మింగితే డొలుటెగ్రవిర్ ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో పాటు వేసుకోవాలి, లేదంటే వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందుకూ ఆ ఎడం ఉండాల్సిందే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గ్యాస్ మందు గురించి ఎవరూ అడగరు, ఈమె చెప్పదు.

బందరు గిలకలదిండి నుంచి బోటు మీద వేటకు వెళ్లే మనిషి సంగతి వేరు. రోజుల తరబడి సముద్రంలో, తోటి కళాసీల కళ్ల ముందే తిండీ పడకా. అతనికి కావాల్సింది నీతిబోధ కాదు, వేటకు సరిపడా మాత్రలు, వాటిని పట్టుకుపోయే పేరులేని డబ్బా. దివిసీమ కూలీకైతే బందరు పెద్దాసుపత్రికి రావడమంటే ఒకరోజు కూలి పోవడం. నిలకడగా వాడుతున్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే వెసులుబాటు మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇక వరద. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు దివిసీమ లంకలు మునిగాయి. ఇల్లు వదిలేటప్పుడు ఆధార్ కార్డు, పాసు పుస్తకం తీసుకోవడం 1977 ఉప్పెన చూసిన ఈ నేలకు నేర్పక్కర్లేదు. దాచిన చోటు నుంచి మాత్రల డబ్బా తీసుకోవాలని, పునరావాస కేంద్రంలో పదిమంది మధ్య ఎలా వేసుకోవాలో ముందుగా మాట్లాడి ఉంచాలి.

మందు సక్రమంగా వాడితే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి నిలకడగా ఉంటే లైంగికంగా జీవిత భాగస్వామికి సోకదు. నా దృష్టిలో భయపెట్టే మాటలన్నిటికన్నా బలమైన మాట ఇది. దీన్ని దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, నోరు తెరిచి చెప్పడానికి ఎందుకో ఇంకా మొహమాటం. రక్తంలో వైరస్ లెక్క (వైరల్ లోడ్) మిల్లీలీటరుకు 1000 దాటితే గట్టి కౌన్సెలింగ్ ఇచ్చి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలని నియమం. ఆ మూడు నెలలూ నాలుగు మొక్కుబడి మాటలతో గడిపేసి మందు మారిస్తే, కొత్త మందు కూడా పాత డబ్బా దాగిన చోటికే పోతుంది.

నిజం చెప్పాలంటే కౌన్సెలర్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాళ్లూ కాంట్రాక్టు ఉద్యోగులే. వరుసలో జనం, ముందు రిజిస్టరు, కంప్యూటరు నింపే పని. తలుపు తీసే ఉన్న గదిలో ఎవరైనా గుట్టు విప్పుతారా? గోప్యతకు 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది, అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లోనూ ఉంది. ఆ చట్టానికి ముందు కావాల్సింది మూసుకునే తలుపు. ఏఆర్‌టీ వాడేవారికి రాష్ట్రం నెలకు 4 వేల రూపాయల పింఛను ఇస్తోంది, మంచిదే. అదే చేత్తో కౌన్సెలర్‌కు ఒక్కో మనిషితో పావుగంట కూర్చునే తీరిక ఇవ్వాలి.

జిల్లా అధికారులకు ఒక సూచన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. గిలకలదిండి, నాగాయలంక మత్స్యకారులు ఒడ్డున ఉండేది అప్పుడే. వైరల్ లోడ్ పరీక్షలు, తీరికైన కౌన్సెలింగ్, మూడు నెలల మందు పంపిణీ ఆ రెండు నెలల్లోనే పెట్టొచ్చు. హెచ్‌ఐవీ శిబిరమని బ్యానరు కట్టకుండా, బీపీ, షుగరు పరీక్షలతో కలిపి పెట్టండి. వచ్చే ఏప్రిల్‌కు ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెడితే సరిపోతుంది.