బ్రేక్ మర్చిపోతే తప్పెవరిది?

నెల్లూరులో కృష్ణపట్నం బస్సెక్కి ముత్తుకూరుకి టికెట్ తీసుకున్నారనుకోండి. ముత్తుకూరు వచ్చింది, పోయింది. బస్సు ఆగలేదు. మిమ్మల్ని తీసుకుపోయి కృష్ణపట్నంలో దించారు. అదేందని అడిగితే కండక్టరు "ఆపమని మళ్ళీ చెప్పలేదు గదన్నా, తప్పు నీదే" అన్నాడు. మా ఊరోళ్ళయితే ఊరుకోరు.

కానీ సి భాషలో స్విచ్ యాభై ఏళ్ళకు పైగా చేస్తున్నది ఇదే. విలువ చూసి, సరిపోయే కేస్ దగ్గరికి దూకుతుంది. అక్కడ పనయ్యాక ఆగదు. బ్రేక్ కనపడేదాకా కింది కేసులన్నీ చేసుకుంటూ పోతుంది. వాటి విలువ సరిపోయిందా లేదా అని చూడను కూడా చూడదు!

నేను పనిచేసిన ఒకచోట కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒక్క బ్రేక్ మర్చిపోయాడు. 'ఆర్డరు ఆపు' కేస్ కిందే 'ఆర్డరు రద్దు' ఉంది. కొన్నాళ్ళు ఆపమన్నవాళ్ళ ఆర్డర్లన్నీ రద్దయిపోయాయి. మీటింగులో అందరి ముందూ వాణ్ణి కడిగేశారు. ఆ కోడు రివ్యూ చేసింది నేనే. నాకూ కనపడలేదు. ఆ రోజు నోరెత్తలేదు, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కుర్రాళ్ళే ఇలా చేస్తారనుకోకండి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ లాంగ్ డిస్టెన్స్ ఫోన్ నెట్‌వర్కు దాదాపు 9 గంటలు దెబ్బతింది. 114 ఎక్స్ఛేంజీలు ఒకదాన్ని చూసి ఒకటి రీసెట్ అవుతూ పోయాయి. కారణం? ఇఫ్ లోపల రాసిన ఒక బ్రేక్. అది ఇఫ్‌ని కాదు, స్విచ్ మొత్తాన్నీ దాటించేసింది. ఇక్కడ మర్చిపోవడం కాదు, ఉండకూడనిచోట ఉండటం. రోగం మాత్రం ఒకటే. సి పుట్టిన బెల్ ల్యాబ్స్ అప్పట్లో ఆ సంస్థదే మరి :)

"ఫాల్ త్రూ వల్ల లాభాలు లేవా?" అంటారు. ఖాళీ కేసుల్ని ఒకదానికింద ఒకటి పేర్చుకోవడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటా. మిగతాచోట్ల? పీటర్ వాన్ డెర్ లిండెన్ 1994లో తన పుస్తకంలో లెక్క చెప్పాడు. సన్ కంపెనీ సి కంపైలర్ ముందు భాగంలో 244 స్విచ్‌లున్నాయి, ఫాల్ త్రూ వాడింది 3 శాతం కేసుల్లోనే. ఆ మూడింటి కోసం మిగతా తొంభై ఏడుసార్లూ మనం గుర్తుపెట్టుకుని బ్రేక్ రాయాలట!

సి షార్ప్ అలా జారిపోవడాన్ని ఎర్రర్ అంది. గో, స్విఫ్ట్ భాషల్లో కేస్ అయిపోతే దానంతటదే ఆగుతుంది, జారాలంటే ఆ మాట రాయాలి. జీసీసీ కూడా 2017లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి హెచ్చరిక ఇస్తోంది. ఎంతమంది ఆన్ చేసుకున్నారు?

ఆ హెచ్చరిక ఆన్ చేయండి. ఇంటర్వ్యూల్లో బ్రేకుల్లేని స్విచ్ ఇచ్చి "అవుట్‌పుట్ ఎంత?" అనడం మానండి. అది తెలివికి పరీక్ష కాదు, భాషలో ఉన్న గుంతని పిల్లలకి గొప్పగా చూపించడం. ఎక్కడ దిగాలో టికెట్ కొన్నప్పుడే చెప్పాం. ఆపాల్సింది బస్సే.