పోటీకి వెళ్తానంటే ఆపొద్దు

కువైట్‌లో ప్లస్‌ టూ ముగించి ఇంజినీరింగుకు హైదరాబాదో, విజయవాడో వెళ్లిన పిల్లలు 'కాలేజీ క్లబ్‌ తరఫున పోటీకి కేరళ వెళ్తాం' అని ఫోన్‌ చేస్తే, ముందు అటెండెన్సు సంగతి చూసుకోమంటాం. నేనూ మావాడితో అదే అన్నాను. తప్పే.

ఐసీపీసీ ప్రోగ్రామింగ్‌ పోటీలో జట్టుకు ముగ్గురు, ఒకే కంప్యూటర్‌, అయిదు గంటలు. కీబోర్డు ఎప్పుడు వదలాలో, పక్కవాడి తప్పును నొప్పించకుండా ఎలా చెప్పాలో అక్కడే తెలుస్తుంది. ఆఫీసులో మా రోజువారీ పనీ అదే, కొత్తగా చేరినవాళ్లు తడబడేదీ అక్కడే.

స్మార్ట్‌ ఇండియా హ్యాకథాన్‌లో ఆరుగురి జట్టులో ఒక్క అమ్మాయైనా ఉండాలన్నది నిబంధన. మనం కూతుర్ని పంపకపోతే ఆ జట్టే ఆగిపోవచ్చు.

డబ్బు కట్టగానే సర్టిఫికెట్‌ చేతిలో పెట్టే సదస్సులూ ఉన్నాయి. వాటికి మాత్రం నేను ఒక్క దినార్‌ ఇవ్వను.

మొన్న మావాడు మళ్లీ అడిగాడు. రైలు టికెట్‌కు డబ్బు పంపాను.