సకురా నేర్పే పాఠం

తెలుగువారికి వసంతాగమనాన్ని కోయిల, మామిడి చిగురు తెలిపితే జపాన్ ప్రజలకు ‘సకురా’ తెలుపుతుంది. సకురా అంటే చెర్రీ పూవు. పండ్ల కోసం కాక పూల శోభ కోసమే పెంచే చెట్లివి. అవి పూచిన వేళ ఆబాలగోపాలం వాటి నీడన చేరి విందారగిస్తారు. ఈ వేడుకకు ‘హనమి’ అని పేరు.

సకురా అంటే ఒకే రకం పూవని భావించడం పొరపాటు. ఎర్రని చిగుళ్లతోపాటు పూచే కొండజాతి ‘యమజకురా’, కొమ్మలు నేలకు వ్రేలాడే ‘షిదరెజకురా’, గులాబి రంగు ముద్దపూల ‘కన్జాన్’, ఆకుపచ్చ కలిసిన లేతపసుపు పూల ‘ఉకోన్’ మొదలైన వందలాది రకాలున్నాయి.

అయితే నేడు జపాన్ నగరాలలో అధికంగా కనిపించేది ‘సొమెయి యొషినో’ అనే ఒక్క రకమే. సుమారు నూట యాభై ఏళ్ల క్రితం, నేటి టోక్యోలో భాగమైన సొమెయి గ్రామపు తోటమాలులు దీనిని వ్యాప్తిలోకి తెచ్చారు. త్వరగా ఎదగడం, ఆకులు రాకముందే చెట్టంతా పూలతో నిండిపోవడం దీని ప్రత్యేకతలు. ఇవన్నీ అంటుకట్టి పెంచినవే. అనగా జన్యుపరంగా ఒకే చెట్టుకు ప్రతిరూపాలు. అందుకే ఒక ప్రాంతంలోని చెట్లన్నీ దాదాపు ఒకేసారి పూస్తాయి. ఈ అందానికి మూలమైన ఏకరూపతే వాటి బలహీనత కూడా. ఒక చెట్టును లొంగదీసిన తెగులు తక్కినవాటినీ లొంగదీయగలదు. శీతకాలంలో తగిన చలి లేకపోతే అన్నింటి పూతా ఒకే రీతిగా దెబ్బతింటుంది.

వైవిధ్యాన్ని విస్మరిస్తే ఏమవుతుందో ‘తైహకు’ చరిత్ర చెబుతుంది. పెద్ద పెద్ద తెల్లని పూలు పూచే ఈ రకం జపాన్‌లో కనుమరుగైంది. 1926లో అక్కడికి వెళ్లిన ఆంగ్లేయుడు కాలింగ్‌వుడ్ ఇన్‌గ్రామ్ ఒక పాత చిత్రంలో ఆ పూవును చూసి, అది ఇంగ్లండులోని తన తోటలో ఉన్నదని గుర్తించాడు. ఆయన మొదట పంపిన కొమ్మలు దారిలోనే ఎండిపోయాయి. చివరకు బంగాళాదుంపలో గుచ్చి, సైబీరియా రైలు మార్గాన పంపిన కొమ్మలు బ్రతికాయి. 1932లో తైహకు స్వదేశం చేరింది.

పరదేశంలో ఆ రకం మిగిలి ఉండటం కేవలం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకొని వృక్షసంపదను కాపాడుకోలేము. ఒకే రంగు పూల బారులు కనులపండువే, కాదనలేము. కాని పలు రకాలను నాటితే ఒకటి రాలే వేళకు మరొకటి పూస్తుంది. వేడుక వారంతో ముగియక నెలకు పైగా సాగుతుంది. 1912లో టోక్యో నగరం వాషింగ్టన్‌కు కానుకగా పంపిన 3,020 మొక్కలలో పన్నెండు రకాలు ఉండటం గమనార్హం. పరులకిచ్చిన కానుకలో పాటించిన వైవిధ్యాన్ని తమ వీధులలోనూ పాటించడం వివేకం. పూదోటకైనా, సమాజానికైనా భిన్నత్వమే రక్ష.