మండలికి వ్యాపారి పోటీ

రాయ్‌పూర్ దగ్గరి సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగ పీల్చే కుటుంబాలకు ఎమ్మెల్సీ ఓటు లేదు. ఎందుకంటే వారి రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్‌లో శాసన మండలే లేదు. 90 స్థానాల శాసనసభే దిక్కు. తెలంగాణలో మాత్రం 40 మంది సభ్యుల మండలి ఉంది, అందులో పట్టభద్రులకు ప్రత్యేక స్థానాలూ ఉన్నాయి.

2025 ఫిబ్రవరి 27న మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల స్థానానికి పోలింగ్ జరిగింది. కాంగ్రెస్ అభ్యర్థి, కరీంనగర్ అల్ఫోర్స్ విద్యాసంస్థల అధినేత నరేందర్ రెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. చివరికి బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి గెలిచారు.

వ్యాపారి పోటీ చేయడం తప్పు కాదు. జీతాలిచ్చి నలుగురికి పని చూపినవారి అనుభవం సభకు అవసరమే. కానీ ఫీజుల నియంత్రణ బిల్లు వస్తే కాలేజీల యజమాని ఎటు నిలబడతారు? కాలుష్యంపై చర్చ వస్తే ఫ్యాక్టరీ యజమాని మాటేమిటి? నామినేషన్ అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు రాస్తారు. సొంత వ్యాపారాన్ని తాకే బిల్లుపై ఎటు నిలబడతారన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. తన వ్యాపారాన్ని తాకే బిల్లుపై ఓటింగ్‌కు దూరంగా ఉంటానని ప్రతి వ్యాపార అభ్యర్థీ ప్రచారంలోనే రాతపూర్వకంగా ప్రకటించాలి. పార్టీలు టికెట్ ఇచ్చేముందే ఆ కాగితం అడగాలి.