కాలవ చివరోళ్లని ఎవరడుగుతారు?



"నల్లమలలో యురేనియం తవ్వితే చెరుకుపల్లోళ్లకి వచ్చే నష్టమేంటి? అది చెంచుల సమస్య కదా!" ఈ మాట బయటోళ్లు అంటే సరే, మనోళ్ల నోటి నుంచే వస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి. కృష్ణమ్మ నల్లమల కొండల మధ్య నుంచి శ్రీశైలం దాటి, నాగార్జునసాగర్, పులిచింతల మీదుగా ప్రకాశం బ్యారేజీకి వస్తుంది. సీతానగరం దగ్గర పడమటి కాలవలోకి తిరిగి, దుగ్గిరాల మీదుగా మన పొలాలకీ, మన మంచినీళ్ల చెరువులకీ చేరుతుంది. కాలవ కట్టేసే లోపు చెరువు నిండకపోతే ఎండాకాలంలో బిందెల కోసం కొట్టుకునేది మనమే. కాలవ గట్ల మీద గుడిసెలేసుకుని, ఆ నీళ్లలోనే చేపలు పట్టి బతికే యానాదులకి కృష్ణా నీళ్లే తాగేవి, వండుకునేవి, కూలి తెచ్చేవి కూడా.

ఇప్పుడు పైన ఏం జరిగిందో చూద్దాం. 2003లో సాగర్ పక్కనే ఉన్న లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా వద్దన్నారు. 2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. నాలుగు వేల బోర్లు వేస్తామన్నది ఆ ప్రతిపాదన. చెంచు పెంటలు లేచాయి, ఊళ్లు లేచాయి, చదువుకున్నోళ్లు, సినిమావాళ్లు కూడా గొంతు కలిపారు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పని ముందుకు సాగలేదు. అడిగితే ఆగుతుందని నల్లమల చూపించింది.

ఇది మన దగ్గరే జరిగే కథ కాదు. కెనడాలో అల్బర్టా అనే రాష్ట్రం ఉంది. మన తెలుగోళ్లు చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ నేలలో ఇసకా, తారులాంటి చిక్కటి నూనే కలిసిపోయి ఉంటాయి. అడవి నరికి, ఆ ఇసక తవ్వి, వేడినీళ్లతో కడిగి నూనె తీస్తారు. కడిగిన మురికి నీళ్లని పెద్ద పెద్ద చెరువుల్లో నిలవబెడతారు. 2008లో అలాంటి ఒక చెరువు మీద వాలిన బాతులు 1,600 దాకా చచ్చిపోయాయి. అథబాస్కా నది దిగువన ఫోర్ట్ చిపెవ్యాన్ అనే ఊరుంది. అక్కడుండేది ఎక్కువగా ఆదివాసులే. ఎగువన కెర్ల్ అనే గనిలో మురికి నీళ్లు ఊరి బయటికొస్తున్నట్టు 2022 మే నెలలోనే గమనించారు. 2023 ఫిబ్రవరిలో ఇంకో 53 లక్షల లీటర్లు పొంగిపొర్లాక గానీ దిగువ ఆదివాసులకి అసలు సంగతి తెలీలేదు. ఆ తొమ్మిది నెలలూ వాళ్లు ఆ నది చేపలే తిన్నారు, ఆ అడవిలోనే వేటాడారు.

వాళ్లది నది చివర, మనది కాలవ చివర. ఎగువన ఏం జరిగినా చివరోడికి చివర్లోనే తెలుస్తుంది.

యురేనియంకీ అలాంటి చెరువే ఉంటుంది. ఖనిజం నుంచి యురేనియం తీసేశాక కూడా దాని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ వ్యర్థంలోనే మిగిలిపోతుంది. అందులో ఉండే రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లె గని వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. మా వల్ల కాదని సంస్థ అంటోంది. ఈ తగువు తేలేదాకా ఆ నీళ్లు తాగేది మాత్రం రైతే.

సరే, కృష్ణలో అంత నీరుంది, ఇక్కడికొచ్చేసరికి పల్చబడిపోదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేపు ఒక బోరు వేస్తే ఎల్లుండి మన చెరువు విషమైపోతుందని నేను చెప్పను. అలా భయపెట్టడం ఉద్యమానికి మంచిది కాదు. నేనడిగేది ఒక్కటే. వెయ్యేళ్లు కాపలా కాయాల్సిన చెత్తని మన తాగునీటి నది పక్కన పెట్టాలా వద్దా అనే నిర్ణయంలో ఆ నీళ్లు తాగేవాడికి మాట ఉండాలా, వద్దా?

ఇప్పుడున్న పద్ధతిలో ఆ మాట లేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ గని పెట్టే చోటే, ఆ జిల్లాలోనే జరుగుతుంది. రెండొందల కిలోమీటర్ల కింద కాలవ నీళ్లు తాగేవాడు లెక్కలో లేడు. ఇప్పుడైతే గని దగ్గరోళ్లని కూడా లెక్కలోంచి తీసేస్తున్నారు. 2020 జనవరి 16న చమురు, గ్యాస్ అన్వేషణ బావులకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నారు. 2025 సెప్టెంబర్ 8న అణు ఖనిజాలకీ, కీలక ఖనిజాలకీ అదే మినహాయింపు ఇచ్చారు. దేశ రక్షణ, దేశ అవసరం అని కారణం చెప్పారు. నీళ్లు దేశ అవసరం కాదా?

చమురు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కేజీ బేసిన్ అంటే కృష్ణా గోదావరి బేసిన్. పేరులోనే మన నది ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది మన పక్క మండలం నగరం కాదులెండి, కోనసీమ నగరం. కానీ అలాంటి పైపు ఏ ఊరి కింద నుంచి పోవాలో ఆ ఊరినే అడక్కపోతే, ఏ నగరమైనా ఒకటే.

"మీరు బైకులు నడపరా? కరెంటు వాడరా?" అనే ఎగతాళి కూడా ఉంది. వాడతాం. వాడుతున్నాం కాబట్టే అడిగే హక్కుంది. అయినా కాలవ గట్టు మీద గుడిసెలో వెలిగే ఒక్క బల్బు ఖర్చెంత? ఆ లెక్క చూపించి మా నోరు మూయించడం న్యాయం కాదు.

మైదానంలో ఉండే ఆదివాసులకి ఇంకో ఇబ్బంది ఉంది. 1997 సమతా తీర్పు ఏజెన్సీ భూములకి రక్షణ ఇచ్చింది. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ వద్దంటే తవ్వకం ఆగింది. ఆ బలం ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో ఉంది. చెరుకుపల్లి, రేపల్లె, నిజాంపట్నం షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు, పెసా చట్టం మనకి వర్తించదు. మనం ఎస్టీలమే, కానీ మన గ్రామసభకి ఆ పదును లేదు. అలాగని ఊరుకుంటే ఉన్నది కూడా పోతుంది.

కాబట్టి చేయాల్సింది చెప్తున్నా. ఈసారి పంచాయతీలో గ్రామసభ పెట్టినప్పుడు సంతకం పెట్టి వచ్చేయకండి. రెండు తీర్మానాలు అడగండి. ఒకటి, నది ఎగువన ఏ గని వచ్చినా దిగువ ఆయకట్టు ఊళ్లలోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని. రెండు, 2020, 2025 మినహాయింపులు రద్దు చేయాలని. రైతుల్నీ కలుపుకోండి. కాలవ నీళ్లకి కులం లేదు, వాళ్ల వరి తడిసేదీ ఆ నీళ్లతోనే. గ్రామసభ తీర్మానంతో కేంద్రం దిగొస్తుందా అంటారేమో. 2019లో శాసనసభ చేసింది కూడా తీర్మానమే, చట్టం కాదు. దాని వెనక జనం ఉన్నారు కాబట్టి పనిచేసింది.

చెంచులు నల్లమలని కాపాడితే మన బిందెలో నీళ్లు కూడా కాపాడినట్టే. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. కనీసం మనమైనా గొంతు కలిపి చెబుదాం.