కమ్యూనిటీ లేని కమ్యూనిటీ కాలేజీ

సూరత్‌లోని డిండోలి, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా మరమగ్గాలపై బతుకుతున్నాయి. నగరపాలక సంస్థ వారి పిల్లలకు తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఆ తర్వాత చాలామందికి మళ్లీ మగ్గమే దిక్కు.

ఈ లోటును తీర్చవలసింది కమ్యూనిటీ కాలేజీ. స్థానిక అవసరాలకు తగిన కోర్సులు, పని చేసుకుంటూ చదువుకునే వీలు దాని ధ్యేయాలు. 2013లో ఈ పథకాన్ని తెచ్చిన యూజీసీ, పాఠ్యక్రమ రూపకల్పనలో పరిశ్రమకు భాగస్వామ్యం కల్పించింది. మంచిదే. కానీ పరిశ్రమ అంటే యజమాని ఒక్కడేనా? పన్నెండు గంటల షిఫ్టులో మగ్గం ముందు నిలబడే కార్మికుడు పరిశ్రమ కాదా? యజమాని కోరేది రేపటి షిఫ్టుకు అందివచ్చే పనివాణ్ణి. కార్మికుడు కోరేది తన బిడ్డను ఆ షిఫ్టు నుంచి బయటపడేసే చదువును.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీల పాలకమండళ్లను స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు. మనం ఆ పేరు అరువు తెచ్చుకుని, ఓటును అక్కడే వదిలేశాం.

కోర్సుల సంఖ్య చూపి అభివృద్ధి అని చాటుకునే ముందు, పాలకమండలిలో కార్మికులకు చోటివ్వాలి. ఏ కోర్సు, ఏ వేళ, ఏ భాషలో అన్నది నిర్ణయించాల్సింది డిండోలి, ఢిల్లీ కాదు.